పక్క రేవు భయం

నా మొదటి ఉద్యోగంలో నా పని ఓడ ఎందుకు ఆగిందో రాయడం. తూర్పు తీరంలో ఒక రేవు (పేరు ఎందుకులెండి), అందులో ఒక షిప్పింగ్ ఏజెన్సీ, అందులో అందరికంటే చిన్న గుమాస్తాను నేను. ఓడ లంగరు వేసిన నిమిషం నుంచి తాళ్ళు విప్పుకుని వెళ్ళిపోయిన నిమిషం దాకా ఏ గంటకు ఏం జరిగిందో ఒక కాగితం మీద వరసగా ఎక్కించాలి. మేము దాన్ని ఎస్‌ఓఎఫ్ (స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్, అంటే జరిగినవాటి చిట్టా) అనేవాళ్ళం. పైలట్ ఎక్కింది ఇన్నింటికి, బెర్త్‌కు (ఓడ నిలిపే గట్టుకు) కట్టింది ఇన్నింటికి, హాచ్ (ఓడలోని సరుకు గది) మూత తీసింది ఇన్నింటికి, గ్యాంగు (కూలీల జట్టు) వచ్చింది ఇన్నింటికి. అసలు కథ ఆ తర్వాత మొదలయ్యేది. క్రేను చెడింది. లారీలు రాలేదు. వాన. షిఫ్టు మార్పు. గ్యాంగు ఖాళీ. మళ్ళీ క్రేను.

ఆ కాగితం మీద కెప్టెన్ సంతకం, మా సంతకం, సరుకు తీసుకునేవారి సంతకం పడితే దాని ఆధారంగా లక్షల రూపాయలు చేతులు మారేవి. ఒప్పుకున్న గడువు దాటి ఓడ ఆగితే సరుకువాళ్ళు ఓడవాళ్ళకు డెమరేజి కట్టాలి. గడువుకు ముందే వదిలేస్తే ఓడవాళ్ళే కొంత వెనక్కి ఇవ్వాలి. ఆ వెనక్కి ఇవ్వడం అనేదాన్ని నేను పనిచేసిన నాలుగేళ్ళలో రెండుసార్లు చూశాను. అందుకే 'కారణం' అన్న గడిలో ఏ మాట రాయాలన్నది ప్రతిసారీ పెద్ద పంచాయితీ. వాన పడిన సమయం గడువు లెక్కలోకి రాదు. కాబట్టి మా రేవులో వాతావరణ శాఖ నమోదు చేసినదాని కంటే కాస్త ఎక్కువ వానలే కురిసేవి.

రాయకూడనిది ఇంకొకటి ఉండేది. గ్యాంగు కదలాలంటే స్టీవడోరు (సరుకు ఎక్కించి దించే కాంట్రాక్టరు) చేతి కింద ఇచ్చే డబ్బు. దేశంలో చాలా రేవుల్లో దాని పేరు 'స్పీడు మనీ'. అది ముట్టిన రోజు యూరియా బస్తాలు చకచకా దిగేవి, ముట్టని రోజు అవే చేతులకు అవే బస్తాలు బరువయ్యేవి. కార్మికులదే తప్పని అప్పట్లో నేనూ అనుకున్నాను. కొన్నాళ్ళు పోయాక అర్థమైంది: ఓడ త్వరగా వెళ్ళిపోతే ఆ రేవులో ఎవరికీ పైసా లాభం లేదు, ఆలస్యమైతే ఎవరి జీతమూ తెగదు. కలాసీ దగ్గర నుంచి చైర్మన్ దాకా అందరూ ఆ ఏర్పాటుకు సరిపడినట్టే ప్రవర్తించారు. డెమరేజి మాత్రం చివరికి యూరియా బస్తా కొన్న రైతు, ఆ యూరియా మీద రాయితీ ఇచ్చిన ఖజానా కట్టుకున్నాయి.

ఇది నేను గుర్తుంచుకున్న కథ మాత్రమే కాదు, లెక్కల్లోనూ ఉంది. 1990-91లో మన మేజర్ పోర్టుల్లో (కేంద్రం పరిధిలోని పెద్ద రేవులు) ఒక ఓడ వచ్చి వెళ్ళడానికి సగటున ఎనిమిది రోజులు పట్టేది. అందులో రెండు రోజులు బెర్త్ దొరక్క బయట సముద్రంలో నిలబడటానికే పోయేవి. 2013-14 నాటికి అది దాదాపు 94 గంటలకు వచ్చింది. 2023-24లో 48 గంటలు. ఎనిమిది రోజులు రెండు రోజులయ్యాయి. ఈ మార్పును చిన్నబుచ్చేవాళ్ళతో నాకు వాదన లేదు, ఎందుకంటే వాళ్ళు ఎప్పుడూ ఎస్‌ఓఎఫ్ రాసి ఉండరు.

నా తగాదా ఆ పక్కవాళ్ళతో. 'ప్రైవేటుకు ఇచ్చారు, బాగుపడింది, అంతే' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళతో.

1996లో కేంద్రం మేజర్ పోర్టుల్లోకి ప్రైవేటు పెట్టుబడిని రానిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. 1997లో రెండు పనులు జరిగాయి. రేవు సుంకాలు నిర్ణయించడానికి టాంప్ అనే సంస్థ పుట్టింది. ముంబయి ఎదుట నవా శేవాలో, అంటే జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో (జేఎన్‌పీటీ), ఒక కంటైనర్ టెర్మినల్‌ను 30 ఏళ్ళకు పీ అండ్ ఓ పోర్ట్స్ అనే విదేశీ కంపెనీ చేతికి ఇచ్చారు. ఎన్‌ఎస్‌ఐసీటీ అన్న ఆ టెర్మినల్ 1999లో పని మొదలుపెట్టి కొద్ది ఏళ్ళలోనే, పక్కనే ఉన్న పోర్టు సొంత టెర్మినల్‌ను దాటిపోయింది. ఇంతవరకు అందరూ చెబుతారు. చెప్పకుండా వదిలేసే మాట మరొకటుంది: ప్రైవేటు టెర్మినల్ వచ్చాక ఆ పక్క ప్రభుత్వ టెర్మినల్ కూడా ముందుకంటే వేగంగా పనిచేయడం మొదలుపెట్టింది. అదే యాజమాన్యం, అదే యూనియన్లు, అదే నీళ్ళు. మారినదల్లా ఏమిటంటే, ఓడవాడికి వేలు చూపించడానికి పక్కన మరో గట్టు దొరికింది.

నేను ఇరవై ఏళ్ళుగా పట్టుకుని తిరుగుతున్న సంగతి ఇదే. రేవును కదిలించేది యజమాని పేరు కాదు, పక్క రేవు భయం. ఆ భయం ఉన్నంతకాలం ప్రభుత్వ రేవు కూడా పరిగెత్తుతుంది. అది పోతే ప్రైవేటు రేవు కూడా పీట వేసుకుని కూర్చుంటుంది.

మన విశాఖ సంగతి చూద్దాం. 1933లో తెరుచుకున్న రేవు అది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం కోసం కట్టింది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున లోపలి హార్బరు, 1976లో జపాను వెళ్ళే ఇనుప ఖనిజం కోసం బయటి హార్బరు. అంటే పుట్టుక నుంచీ ఎవరో ఒకరి సరుకు కోసం కట్టిన రేవే. కంటైనర్లు ఆలస్యంగా వచ్చాయి. 2003లో విశాఖ కంటైనర్ టెర్మినల్ ప్రైవేటు నిర్వహణలోనే మొదలైంది. గట్టు, నీళ్ళు, భూమి పోర్టువి, క్రేన్లు, సిబ్బంది, వ్యాపారం ఆపరేటరువి. ఇల్లుగలవాడు పోర్టు, అద్దెకున్నవాడు ఆపరేటరు అనుకోండి.

2024 జూన్‌లో విశాఖ పేరు పత్రికల్లో మారుమోగింది. ప్రపంచ బ్యాంకు 2023 సంవత్సరానికి వేసిన కంటైనర్ రేవుల పట్టికలో విశాఖకు 19వ స్థానం. అంతకు ముందు ఏడాది 115. క్రేను గంటకు 27.5 కంటైనర్లు ఎత్తుతోంది, ఓడ 21.4 గంటల్లో వచ్చి వెళ్ళిపోతోంది అని రాశారు. ఆ రోజు ఉదయం నాకు వచ్చిన ఫోన్లలో సగం అభినందనలే, నేనేదో ఆ క్రేన్లు నడిపినట్టు. సంతోషించాను, అబద్ధం ఎందుకు. ఎనిమిది రోజుల ఓడలకు లెక్క రాసినవాడికి 21 గంటలు అన్న మాట తీర్థంలా అనిపిస్తుంది.

ఆ తర్వాత కూర్చుని ఆలోచించాను. ఒక్క ఏడాదిలో 96 మెట్లు ఎక్కారంటే క్రేను ఆపరేటర్లు రాత్రికి రాత్రి అంత నేర్పరులయ్యారా? ఆ పట్టిక కొలిచేది ఓడ రేవులో గడిపిన సమయాన్ని. ఓడలు తక్కువగా వచ్చి, గట్టు ఖాళీగా ఉన్న రేవు ఆ కొలతలో సహజంగానే మెరుస్తుంది. విశాఖ ఏడాదికి ఎత్తే కంటైనర్లు పది లక్షలు కూడా దాటవు. జేఎన్‌పీటీలో అది అరవై లక్షలకు పైమాట. రద్దీ లేని హోటల్లో భోజనం త్వరగా వడ్డించారని వంటవాడికి పతకం ఇవ్వవచ్చు, తప్పు లేదు, కానీ పండగ రోజు ఎలా వడ్డిస్తాడో కూడా అడగాలి కదా. గట్టు పొడిగించడం, కొత్త క్రేన్లు రావడం నిజమైన మెరుగుదలే. కొంత నేర్పు, కొంత ఖాళీ, కొంత కోవిడ్ కాలపు రద్దీ తగ్గడం, ఈ మూడింటినీ విడదీయకుండా ఒక్క అంకెగా చేసి మెడలో వేసుకున్నాం.

భీమవరం వైపు నుంచి రొయ్యలు ఎగుమతి చేసే నా మిత్రుడొకడు ఆ వార్త చూసి నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. 'ఓడ 21 గంటల్లో వెళ్ళింది సరే. నా కంటైనరు చెరువు గట్టు నుంచి అమెరికా గోదాము చేరడానికి పట్టే రోజుల్లో ఎన్ని తగ్గాయి?' విశాఖ నుంచి బయలుదేరే సరుకులో చాలా భాగం ముందు చిన్న ఫీడరు ఓడ ఎక్కి కొలంబోకో సింగపూరుకో వెళ్ళి, అక్కడ తల్లి ఓడ అనే పెద్ద ఓడ కోసం ఎదురుచూస్తుంది. మంచు పెట్టె లాంటి ఆ రీఫర్ కంటైనరు కరెంటు ప్లగ్గు తగిలించుకుని వేరే దేశంలో కూర్చుంటుంది. విశాఖలో మిగిల్చిన పది గంటలు అక్కడ ఐదు రోజుల్లో కలిసిపోతాయి. ఓడ యజమాని పుస్తకంలో ఆ పది గంటలూ ఆదాయమే. రొయ్యలవాడి పుస్తకంలో అవి కనిపించవు. రేవు సామర్థ్యం అని మనం పిలిచేది చాలావరకు ఓడవాడి గడియారంలో చూసిన సామర్థ్యం.

కొలంబో పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అక్కడ ఒకే హార్బరులో ప్రభుత్వ జయ టెర్మినల్, 1999 నాటి ప్రైవేటు ఒప్పందం మీద నడిచే ఎస్‌ఏజీటీ, చైనా మర్చంట్స్ సంస్థ కట్టిన సీఐసీటీ మూడూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక ఓడల కంపెనీకి ఒకచోట నచ్చకపోతే అదే నీళ్ళలో ఇంకో మలుపు తిరిగితే చాలు. ఆ తీరు పోటీ నాకు పట్టికల్లో అంకెల కన్నా ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు: ఒప్పందం. రేవుల సంస్కరణ గురించి మాట్లాడేవాళ్ళు క్రేన్ల గురించి మాట్లాడతారు. కానీ 30 ఏళ్ళు రేవును నడిపేది ఒప్పందంలోని నాలుగైదు వాక్యాలు.

2018 దాకా మన మేజర్ పోర్టుల్లో టెర్మినల్ ఎవరికి ఇవ్వాలో తేల్చిన పద్ధతి ఏమిటంటే, ఆదాయంలో పోర్టుకు ఎక్కువ వాటా ఇస్తానన్నవాడికి. వినడానికి నిక్కచ్చిగా ఉంది. జేఎన్‌పీటీలో మూడో టెర్మినల్ జీటీఐ వాటా 35.503 శాతం. నాలుగో టెర్మినల్‌కు 2011లో సింగపూరు సంస్థ పీఎస్‌ఏ, మన ఏబీజీ కలిసి 50.828 శాతం ఇస్తామన్నాయి. అంటే వంద రూపాయలు వస్తే యాభై పైగా ముందే పోర్టుకు. అది నిలబడలేదు. భాగస్వామి తప్పుకున్నాడు, కేటాయింపు రద్దయింది, 2014లో అదే పీఎస్‌ఏకు 35.79 శాతానికి మళ్ళీ ఇచ్చారు. ఆ టెర్మినల్ మొదటి దశ తెరుచుకునేసరికి 2018. వేలంలో ఊపు మీద పాడిన పాట ఖరీదు కొన్నేళ్ళ కాలం. ఆ కొన్నేళ్ళలో బయట నిలబడిన ఓడల గంటలను ఏ పట్టికా పోర్టు ఖాతాలో రాయలేదు.

ఇక టాంప్. దాని ఉద్దేశం మంచిదే: గుత్తాధిపత్యం ఉన్నచోట ధర మీద కన్నేసి ఉంచాలి. 2005 నాటి పద్ధతి ఖర్చు లెక్క కట్టి, దాని మీద నిర్ణీత రాబడి కలిపి సుంకం తేల్చేది. అందులో ఒక ముల్లు ఉంది. టెర్మినల్ బాగా పనిచేసి ఎక్కువ కంటైనర్లు ఎత్తితే ఒక్కో కంటైనరు మీద పడే ఖర్చు తగ్గుతుంది. ఖర్చు తగ్గింది కాబట్టి తర్వాతి విడత సుంకమూ తగ్గుతుంది. పోర్టుకు కట్టే వాటాను మాత్రం ఖర్చుగా పూర్తిగా ఒప్పుకోరు. బాగా చదివిన పిల్లవాడికి వచ్చే ఏడు పుస్తకాల డబ్బు కోసేసినట్టు. 2012లో జీటీఐ సుంకాలను 44 శాతానికి పైగా తగ్గించమని ఉత్తర్వు వచ్చింది, సంస్థ కోర్టుకెక్కింది. ఎన్‌ఎస్‌ఐసీటీ పరిస్థితి ఇంకా విచిత్రం. దాని ఒప్పందంలో కంటైనరుకు ఇంత అని ఏళ్ళు గడిచేకొద్దీ బాగా పెరిగే రాయల్టీ ఉంది. పైన రాయల్టీ పెరుగుతూ, కింద సుంకం తగ్గుతూ ఉంటే నడుమ నలిగేవాడికి ఒక దశ దాటాక అదనపు కంటైనరు ఎత్తడం నష్టమవుతుంది. దేశంలో మొదటి ప్రైవేటు కంటైనర్ టెర్మినల్‌కు, ప్రభుత్వమే చేజేతులా, మెల్లగా పనిచేయడానికి కారణం సమకూర్చి పెట్టింది.

ఆ పద్ధతిని మారుస్తూ 2008లో ముందస్తు సుంకం (వేలానికి ముందే ఖరారు చేసేది) అన్నారు, 2013లో ప్రామాణిక సుంకం అన్నారు, చివరికి 2021 మేజర్ పోర్టు అథారిటీల చట్టంతో టాంప్‌నే ఎత్తేశారు. ఇరవై ఏళ్ళ పైచిలుకు ప్రయాణం ఒక కొస నుంచి మరో కొసకు. కొత్త ఒప్పందాల్లో ధర బజారే చూసుకుంటుందట. బజారు ఉంటే చూసుకుంటుంది. నా భయమంతా ఆ 'ఉంటే' దగ్గరే.

మన రాష్ట్రం కథ ఇక్కడ మిగతావాటికంటే ముందే నడిచింది. ఎందుకంటే కాకినాడ, గంగవరం, కృష్ణపట్నం రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోని రేవులు, టాంప్ వాటి జోలికి ఎన్నడూ రాలేదు. ధర వాళ్ళ ఇష్టం. 1999లో కాకినాడ డీప్‌వాటర్ రేవును ప్రైవేటు నిర్వహణకు ఇచ్చారు, రాష్ట్రానికి 22 శాతం ఆదాయ వాటా. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే గంగవరం, కృష్ణపట్నం ఇచ్చినప్పుడు మొదటి 30 ఏళ్ళకు వాటా మూడు శాతంలోపే. తేడా చూసి కళ్ళు తిరగనక్కరలేదు. కాకినాడలో గట్టు అప్పటికే ప్రజాధనంతో కట్టి ఉంది. గంగవరంలోనూ కృష్ణపట్నంలోనూ కట్టడం ఖర్చంతా తీసుకున్నవాడిదే. అయినా ఆ తేడాలో ఎంత ఖర్చుకు, ఎంత దయకు అన్న లెక్క ఎవరూ బల్ల మీద పెట్టి చూపించలేదు.

2008లో కృష్ణపట్నం, 2009లో గంగవరం తెరుచుకున్నాయి. ఆ తర్వాత పదేళ్ళు తూర్పు తీరంలో నిజమైన పోటీ నడిచింది. గంగవరం విశాఖ పోర్టుకు పదిహేను కిలోమీటర్ల దూరం. లోతు ఎక్కువ, పెద్ద బొగ్గు ఓడలు నిండుగా రాగలవు. విశాఖ పోర్టులో ఎన్నో ఏళ్ళుగా కదలని ఫైళ్ళు ఆ పదేళ్ళలో కదిలాయి. కొత్త బెర్త్‌లు, హార్బరు క్రేన్లు, లోతు పెంచడం. 'మీరు చేయకపోతే సరుకు అటు పోతుంది' అన్న మాట పోర్టు కార్యాలయాల్లో మొదటిసారి బెదిరింపులా కాక సమాచారంలా వినిపించింది. కృష్ణపట్నం చెన్నైని అలాగే కంగారు పెట్టింది. రాయలసీమ, నెల్లూరు సరుకులకు చెన్నై రోడ్ల మీద లారీల వరసల్లో నిలబడే అవసరం తగ్గింది.

కాకినాడ సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, నాకు ఇష్టమైన రేవు కాబట్టి, పైగా అది నా వాదనకు రెండు వైపులా పనికొస్తుంది కాబట్టి. అక్కడ రెండు రేవులు. హోప్ ఐలాండ్ చాటున లోతు తక్కువ నీళ్ళలో పాత యాంకరేజి రేవు, ప్రభుత్వానిది. దానికి దగ్గర్లో ప్రైవేటు నిర్వహణలో డీప్‌వాటర్ రేవు. యాంకరేజిలో ఓడ గట్టు దాకా రాదు. బియ్యం బస్తాలు కాలువ ఒడ్డున బార్జీల్లోకి ఎక్కించి, బార్జీలను సముద్రంలోకి లాక్కెళ్ళి, ఓడ తన క్రేన్లతోనే పైకి తోడుకుంటుంది. బస్తాను మోసే భుజం దగ్గర నుంచి బార్జీ సరంగు దాకా వేలమంది బతుకు ఆ పద్ధతి మీద ఆధారపడి ఉంది. దేశంలో బియ్యం ఎగుమతికి అదే అతి పెద్ద రేవు.

2020-21లో ప్రపంచమంతా మన బియ్యం కోసం ఎగబడింది. కాకినాడ బయట ఓడలు బారులు తీరాయి. అంతకు ముందు వారం ఎదురుచూసే ఓడ దాదాపు నాలుగు వారాలు నిలబడే దశ వచ్చింది. అప్పుడు, 2021 ఫిబ్రవరిలో, ప్రభుత్వం డీప్‌వాటర్ రేవులోనూ బియ్యం ఎక్కించడానికి అనుమతి ఇచ్చింది. పక్కనే గట్టు ఉండి, క్రేను ఉండి, అనుమతి లేక దశాబ్దాలుగా బియ్యం అటు వెళ్ళలేదు. దీన్ని సామర్థ్యం లేని ప్రభుత్వ రేవు కథగా చెప్పవచ్చు, చెప్పారు కూడా. నేను ఇంకోలా చదువుతాను. ఆ కంచె వేసినవాళ్ళు బార్జీల మీద బతికేవాళ్ళను కాపాడాలనుకున్నారు. కాపాడే దారి అదొక్కటే అనుకోవడం పొరపాటు. నాలుగు వారాల నిరీక్షణకు ఎగుమతిదారు కట్టే డబ్బులో పిసరంత బార్జీలను బాగుచేయడానికి, కూలీలకు మంచి రేటుకు, కాలువ పూడిక తీతకు ముందే పెట్టి ఉంటే అనుమతి గొడవే వచ్చేది కాదు. ఆ డబ్బు విదేశీ ఓడల యజమానులకు పోయింది. ఏ రేవు ఏ సరుకు చేయాలో కాగితం మీద గీత గీసి పంచితే రెండు రేవులూ ఉన్నా పోటీ ఉండదు.

పంపకం కాగితం మీదే జరగనక్కరలేదు, వాటాల కొనుగోలుతోనూ జరుగుతుంది. 2020లో అదానీ పోర్ట్స్ కృష్ణపట్నంలో 75 శాతం కొన్నది, 2021లో మిగతా 25. అదే 2021లో గంగవరం. రాష్ట్ర ప్రభుత్వం తనకున్న 10.4 శాతాన్ని దాదాపు 645 కోట్లకు ఆ సంస్థకే అమ్మేసింది. అప్పటికే ఆ సంస్థకు చెన్నైకి ఉత్తరాన కాటుపల్లి రేవు, ఎన్నూరు కంటైనర్ టెర్మినల్ ఉన్నాయి. చట్టప్రకారం అన్నీ అనుమతులతోనే జరిగాయి, నా అభ్యంతరం చట్టం గురించి కాదు. పటం ముందు పెట్టుకుని వేలితో గీయండి. నెల్లూరు జిల్లా రేవైన కృష్ణపట్నానికి దక్షిణాన పక్క రేవు ఏది? కాటుపల్లి. కాటుపల్లికి పక్కన? ఎన్నూరు. ఆ రేవును చూసి ఈ రేవు భయపడాలంటే, ఎడమ చెయ్యి కుడి చేతిని చూసి భయపడాలి.

2024 మొదట్లో కృష్ణపట్నంలో కంటైనర్ల పని ఆగిపోతుందన్న వార్తలు నెల్లూరులో పెద్ద రాజకీయ వివాదం అయ్యాయి. కంటైనర్లు తమిళనాడు రేవులకు, ఇక్కడికి బొగ్గు లాంటి సరుకు అన్నది ఆరోపణ. సంస్థ కోణం నుంచి చూస్తే ఇందులో తప్పేమీ కనిపించదు: మూడు రేవులున్నవాడు ఏ సరుకు ఎక్కడ చవకగా అవుతుందో అక్కడ చేస్తాడు. మొత్తం మీద అతని ఉత్పాదకత పెరుగుతుంది కూడా. ఇక్కడే 'సామర్థ్యం' అన్న మాట మన చేతుల్లోంచి జారిపోతుంది. సంస్థకు సామర్థ్యం, నెల్లూరు మిర్చి వ్యాపారికి అదనపు లారీ కిరాయి. రెండూ ఒకే నిర్ణయం ఫలితాలు. పదేళ్ళ క్రితమైతే ఆ నిర్ణయం తీసుకునే యజమానికి కాటుపల్లి పోటీదారు. ఇప్పుడు సోదర సంస్థ.

గంగవరంలో 2024 ఏప్రిల్‌లో జరిగింది ఇంకో రకం పాఠం. రేవు కోసం ఊళ్ళు, వేట చోటు వదులుకున్న మత్స్యకార కుటుంబాల వాళ్ళు అక్కడ కార్మికులు. జీతాల కోసం సమ్మెకు దిగారు. విశాఖ ఉక్కు కర్మాగారానికి బొగ్గు వచ్చే దారి గంగవరం. రేవు నుంచి ప్లాంటు దాకా కన్వేయరు బెల్టు. బెల్టు ఆగింది. బొగ్గు రేవులోనే ఉండిపోయి కర్మాగారం ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చింది. దేశంలో అతి లోతైన రేవుల్లో ఒకటి, అతి చవకైన రవాణా అయిన బెల్టు, లెక్క ప్రకారం ఇంతకన్నా సమర్థమైన ఏర్పాటు ఉండదు. ఆ లెక్కలో లేనిది ఒక్కటే, బెల్టు పక్కన నిలబడి పనిచేసే మనిషి.

రేవుల ఉత్పాదకతను కొలిచే పరిశోధకుల పద్ధతి నాకు కొంత తెలుసు. గట్టు పొడవు, క్రేన్ల సంఖ్య, యార్డు విస్తీర్ణం ఒక వైపు, ఎత్తిన టన్నులో కంటైనర్లో మరో వైపు. కార్మికుల సంఖ్య దొరికితే వేస్తారు, తరచూ దొరకదు, ఎందుకంటే పని ఇప్పుడు కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు చేతుల్లో ఉంది. జాబితాలో లేని మనిషికి ఖర్చు సున్నా. అలా చూస్తే ప్రైవేటు రేవు ఎప్పుడూ కాస్త ఎక్కువ సమర్థంగానే కనిపిస్తుంది. ప్రపంచం మొత్తం మీద ఈ అధ్యయనాలు ఒక్క మాట మీద లేకపోవడంలో నాకు ఆశ్చర్యం లేదు. కొన్ని ప్రైవేటు వల్ల లాభం అంటాయి, కొన్ని యాజమాన్యానికి సంబంధం లేదంటాయి. ఎవరి రేవు పక్కన ఎవరి రేవు ఉందో చూడకుండా ఒక్కో రేవునే గిరిగీసి చూస్తే అలాగే ఉంటుంది.

పాత రోజులు మళ్ళీ రావాలని నేను అనడం లేదు. వానలు కురిపించిన చేతులు నావి, నాకు సిగ్గుగానే ఉంది. డాక్ లేబర్ బోర్డుల (రేవు కూలీలకు పని పంచే ప్రభుత్వ సంస్థలు) రోజుల్లో ఒక హాచ్‌కు అవసరమైనదానికి రెట్టింపు మందిని రాసి, సగం మంది నీడలో పడుకోవడం నా కళ్ళతో చూశాను. కానీ ఆ మనిషికి ప్రావిడెంట్ ఫండ్ ఉండేది, పిల్లలకు బడి ఉండేది, వేలు నలిగితే ఆసుపత్రి ఉండేది. మిగిల్చిన ఆరు రోజుల్లో ఒక్క పూట విలువను ఇప్పటి మనిషికి ఇచ్చినా గంగవరం బెల్టు ఆగేది కాదేమో.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మళ్ళీ రేవులు కడుతున్నాం. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట. ఈసారి రాష్ట్రమే మారిటైమ్ బోర్డు ద్వారా అప్పు తెచ్చి గట్టు కడుతోంది, నడపడం తర్వాత ఇతరులకు. గట్టు మనదైతే ఒప్పందం రాసే కలమూ మన చేతిలో ఉంటుంది, కాబట్టి ఈ పద్ధతి నాకు నచ్చింది. కానీ ఆ కలం మళ్ళీ ఎక్కువ వాటా ఎవరిస్తారని మాత్రమే అడిగితే 50.828 కథ తిరిగి మొదలవుతుంది. రామాయపట్నం కృష్ణపట్నానికి ఉత్తరాన పొరుగు రేవు. అది కూడా ఇప్పటికే ఈ తీరంలో రేవులున్నవాడి చేతికే పోతే, వాటా పది శాతం ఎక్కువ వచ్చినా మనం పోగొట్టుకునేది అంతకంటే పెద్దది. పొరుగు రేవు ఉన్నవాడు వేలం పాడకూడదన్న ఒక్క నిబంధన పెట్టడానికి డబ్బు ఖర్చు కాదు. ఖర్చయ్యేది ధైర్యం, అది బడ్జెట్లో దొరకదు.

ఇంకొకటి అడుగుతాను, పాత గుమాస్తా కోరిక అనుకోండి. ప్రతి ఓడ ఎస్‌ఓఎఫ్‌ను, గేటు బయట ప్రతి లారీ నిలబడిన గంటలతో సహా, అందరూ చూసేలా పెట్టమని ఒప్పందంలో రాయాలి. మూడు నెలల సగటు కాదు, ఓడ ఓడకూ. మచిలీపట్నంలో మొదటి ఓడ గట్టుకు కట్టే రోజున ఎవరో ఒక కుర్రవాడు చేతిలో పెన్నుతోనో ట్యాబ్లెట్‌తోనో గట్టు మీద నిలబడి ఉంటాడు. మధ్యాహ్నం ఏదో ఒక గంటకు పని ఆగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. 'కారణం' అన్న గడిలో వాడు ఏం రాస్తాడో, ఆ గడిని బందరులో ఉన్న ఒక బియ్యం వ్యాపారి తన ఫోనులో తెరిచి చూడగలడో లేదో, నాకు చూడాలని ఉంది.